జీపు మొహానికి గోనెపట్టా

మొన్న డిసెంబరులో మా చెల్లెలి అల్లుడు తన కొత్త కారులో మమ్మల్ని అరకు తీసుకెళ్తూ, అనంతగిరి దాటి మంచులోకి రాగానే ఏదో మీట నొక్కాడు. కాళ్ల దగ్గర వెచ్చటి గాలి మొదలైంది, అది చాలదన్నట్టు కూర్చున్న సీటు కూడా వేడెక్కేసరికి ఏదో కాలుతోందనుకుని లేవబోయాను. వెనక కూర్చున్న పిల్లలు పడీపడీ నవ్వారు. ఆ వెచ్చదనానికి అందరూ కునికిపాట్లు పడ్డారు గాని నాకు మాత్రం కునుకు రాలేదు. ముప్పై అయిదేళ్ల కిందట ఒక ఆసుపత్రి జీపులో వణికిన వణుకంతా గుర్తొచ్చి కూర్చుంది.

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. విజయనగరం దగ్గర పల్లపు ఊరి దాన్ని, చలి అంటే తెల్లారగట్ల దుప్పటి ఇంకాస్త పైకి లాక్కోవడమే అనుకునేదాన్ని. అలాంటి నన్ను ముంచింగిపుట్టు అవతలి కొండల్లో ఒక చిన్న ఆసుపత్రికి నర్సుగా వేశారు. అక్కడ కొబ్బరినూనె సీసాని పొయ్యి పక్కన కూర్చోబెట్టి బతిమాలితే గాని చుక్క రాలేది కాదు. ఆసుపత్రికి ఒక డాక్టరుగారు, ఒక పాత జీపు, ఆ జీపుకి ఒక డ్రైవరు. డ్రైవరుని అందరం బాబాయి అనేవాళ్లం. జీపు అంతకుముందు ఎక్కడో మంచు ప్రాంతంలో పనిచేసి వచ్చిందట, అందుకే దానికి హీటరు ఉండేది. కాళ్ల దగ్గర బూట్ల పెట్టెంత డబ్బా. ఇంజనులో కాగిన నీళ్లు రెండు రబ్బరు గొట్టాల్లోంచి అందులోకి వస్తాయనీ, చిన్న ఫ్యాను ఆ వేడిని మన మీదికి తోస్తుందనీ బాబాయి చెప్పేవాడు. అది వదిలే గాలి మాత్రం, వేడి పాలు చల్లార్చడానికి ఎవరో పక్కింట్లోంచి ఊదుతున్నట్టు ఉండేది.

ఆ మాట ఆయన ముందు అనకూడదు. జీపుని ఒక మాటంటే ఆయన ఇంటి ఆడపిల్లని అన్నట్టే. మఫ్లరు, మంకీ టోపీ, దానిమీద తుండుగుడ్డ కూడా చుట్టుకుని, “హీటరుకేటమ్మా, బెమ్మాండంగా ఉంది. నీదే సల్లటి ఒళ్లు” అనేవాడు నాతో.

ఒకసారి డాక్టరుగారు గట్టిగా పట్టుబడితే, గొట్టాలు విప్పి కడిగాడు. కాఫీ డికాక్షన్ లాంటి తుప్పునీళ్లు వచ్చాయి. మళ్లీ బిగించి, డాక్టరుగారిని ముందు సీట్లో కూర్చోబెట్టి, గర్వంగా ఫ్యాను పూర్తిగా తిప్పాడు. ఏ ఎలుక ఎన్నాళ్లుగా దాచుకుందో గాని, గాలి వచ్చే దారిలోంచి వలిసె గింజలూ ఎండుగడ్డీ ఒక్క ఊపున లేచి డాక్టరుగారి ముఖాన పడ్డాయి. ఆయన మీసాల్లోంచి గింజలు ఏరుకుంటూ లోపలికి వెళ్లిపోయారు. ఆ తర్వాత గాలి జోరుగా వచ్చేది, కాకపోతే అదివరకటి కంటే చల్లగా.

ఆ శీతాకాలంలోనే ఒక పొద్దున, ఏడయినా మంచు విడవని వేళ, ఒక గూడెంలో నెలలు నిండకుండా పుట్టిన ఆడపిల్లని చూడ్డానికి వెళ్లాం. నా రెండు అరచేతుల్లో సరిపోయేంత పిల్ల. అరికాళ్లు చల్లబడుతున్నాయి. వెంటనే పాడేరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలన్నారు డాక్టరుగారు. రెండు గంటలకి పైగా కొండదారి. పిల్లని తల్లి గుండెలకి ఆనించి కట్టి, పైన నా స్వెట్టరూ దానిమీద డాక్టరుగారి శాలువా కప్పాం. పిల్ల నాయనమ్మ కూడా, నిప్పు కొస నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ చుట్టతో, చంకలో గోనెపట్టాతో ఎక్కి, ఆ పట్టా పరుచుకుని కూర్చుంది.

అరగంట గడిచినా హీటరులోంచి చలిగాలే. పిల్ల పాదం ముట్టుకుని చూసి, జీవితంలో మొదటిసారి బాబాయి మీద అరిచాను. ఆయన జీపు ఆపి, బానెట్ ఎత్తాడు. రేడియేటరు మీద చెయ్యి పెట్టి అలాగే ఉంచేశాడు. అంత దూరం నడిచిన ఇంజను గోరువెచ్చగా కూడా లేదు. నాయనమ్మ కూడా దిగి, ముందున్న జాలీ మీద చెయ్యి ఆడించి చూసింది.

“ఇదేనా నీ పొయ్యి?” అంది.

“ఒకరకంగా అదేనమ్మా” అన్నాడు బాబాయి.

“పొయ్యికి ఇంత గాలి కొడితే నీలు కాగుతాయా? అడ్డం కట్టు.”

అని, తన గోనెపట్టా తెచ్చి జీపు మొహానికి కప్పబోయింది. బాబాయి రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డాడు. “ఓలమ్మో, ఇంజను పేలిపోద్ది! సెప్తన్నాను కాదేటి!” దారిలో నిలబడ్డ దూడని తప్పించినట్టు ఆవిడ ఆయన్ని భుజంతో పక్కకి నెట్టి, పట్టాని తాడుతో బిగించేసింది. డాక్టరుగారు పిల్ల పాదం వదలకుండానే, కట్టనివ్వమన్నారు.

ఇంజను వేడి చూపించే ముల్లు, నేను వచ్చాక ఎన్నడూ కదలనిది, నెమ్మదిగా లేచింది. “లేస్తందమ్మా, ముల్లు లేస్తంది” అని బాబాయి చావుకబురు చెప్పినట్టు చెబుతూ నడిపాడు. పది నిమిషాలకి మోకాళ్ల మీద నిజమైన వేడి తగిలింది. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ముల్లు మరీ పైకి పోతే, దిగి పట్టాని కిందికి లాగాడు. ఆవిడా దిగి జానెడు పైకి లాగింది. చివరికి సగానికి రాజీపడ్డారు. అంతలో పిల్ల పిల్లికూన గొంతుతో ఏడ్చింది.

అప్పుడు చెప్పాడు బాబాయి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. నీళ్లు కాగేదాకా వాటిని రేడియేటరులోకి పోనివ్వకుండా ఆపి ఉంచే బిళ్ల ఒకటి ఇంజనులో ఉంటుందట. కింద ఎండల్లో ఇంజను మరిగిపోతోందని మూడేళ్ల కిందట తనే పీకేశాడట. డాక్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నాయనమ్మకి నేను విడమరిచి చెబితే, చుట్ట నోట్లోంచి జారిపడేలా నవ్వింది.

పిల్ల మూడు వారాలు పాడేరులో ఉండి క్షేమంగా ఇంటికెళ్లింది. బాబాయి కొత్త బిళ్ల వేయించాడు గాని, చలికాలం రాగానే పట్టా కట్టడం మానలేదు. పైగా అది తన తెలివేనని సంతలో తోటి డ్రైవర్లకి చెబుతుంటే ఒకసారి నాయనమ్మే వెనక నిలబడి మొత్తం వింది. విని, నెమ్మదిగా, “అయితే నా గోనె ఇచ్చీ” అంది.

ఇప్పుడు ఆ గూడెం దాకా తారురోడ్డు పడింది. ఫోను కొడితే అంబులెన్సు వస్తుంది, పసిపిల్ల ఒంటి వేడి ఎంతో అంకెల్లో చూపించే యంత్రాలున్నాయి. ఎంతో మంచిదే, ఆ రోజు పడ్డ భయం ఇంకెవరికీ వద్దు. బాబాయి పోయి చాలా ఏళ్లయింది. ఆ రోజు ఘాట్ రోడ్డు మీద పిల్ల అరికాళ్లు వెచ్చబడ్డాయని నేను అరవగానే, నాయనమ్మ ముట్టుకుంది, డాక్టరుగారు మళ్లీ ముట్టుకున్నారు. స్టీరింగు మీద ఒక చెయ్యి ఉంచి రెండోది వెనక్కి చాపి, “నన్నూ ఒక్కపాలి ముట్టుకోనీ అమ్మా” అన్నాడు బాబాయి. ముందు చూసి నడపవయ్యా అని డాక్టరుగారు కసిరారు. నేను మాత్రం ఆ పాదాన్ని కాస్త ముందుకి జరిపి, ఆయన వేలికి తాకించాను.