కొండ బొమ్మలో సోంబ్రు

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. నాలుగేళ్లుగా నేను నోరు విప్పనిది దయ్యం గురించి కాదు, నేనాడిన ఒక అబద్ధం గురించి.

నేను విజయనగరంలో డ్రాయింగు మాస్టారిని. మన్యంలో పితూరీ అణిగిన మరుసటి వేసవిలో బొమ్మలు వేసుకుందామని సీతంపేట పైన సవరలుండే కొండలకు వెళ్లి, సోంబ్రు అనే రైతు ఇంట్లో దిగాను.

కొండ ఎత్తు తెలియాలంటే అడుగున చిన్న మనిషిని వేయాలని బడిలో చెప్పేవాణ్ణి. అలాగే నీటిరంగుల్లో ఎదుటి కొండ వేసి, దాని కింద గొడ్డలి భుజాన పెట్టుకున్న సోంబ్రుని వేశాను.

"నానేటి మేస్టారూ, సీమంతున్నాను?" అని అతను పగలబడి నవ్వాడు.

అతని భార్య లక్కాయి నవ్వలేదు. వాళ్ల ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో గీసిన కొండలు, చెట్లు, మనుషులు ఉన్నాయి. చనిపోయిన మామగారి కోసం పూజారి గీసినవి.

"బొమ్మ కొండలో ఉండీది సచ్చిపోయినోలు బాబూ. అది ఆలకి ఇల్లు. బతికున్నోడిని ఎట్టకూడదు. బేగి తుడిసీయి."

తుడిస్తే ఆ కొండ గుట్టలా కనిపిస్తుంది. మనసొప్పలేదు. మర్నాడు బయల్దేరేటప్పుడు తుడిచేశానని చెప్పాను.

వానలు వెనకబట్టాక, సంతకు దిగినవాళ్ల ద్వారా కబురొచ్చింది. తేనె కోసం అదే కొండ ఎక్కిన సోంబ్రు తిరిగి రాలేదట. ఊరంతా వెతికినా ఆచూకీ లేదట.

ఆ బొమ్మ దాచిన పెట్టె తాళం తీశాను. తాళంచెవి నా మొలతాడుకే ఉంటుంది. బొమ్మలో సోంబ్రు లేడు. ఆ చోట తెల్ల కాగితం. నీటిరంగు ఎంత జాగ్రత్తగా తుడిచినా మరక మిగులుతుంది. మరక లేదు. పక్కన వేసిన గడ్డిలో ఒక్క పోచ చెదరలేదు. చెమ్మేమో, పురుగేమో అని ఎండలో పెట్టి చూశాను. ఏమీ తేలలేదు.

నిజం చెప్పేద్దామనే ఆ బొమ్మ పట్టుకుని కొండెక్కాను. లక్కాయి ఆ తెల్లటి చోటును వేలితో తడిమింది.

"నిజంగా తుడిసీసినావు బాబూ! నిన్ను అనుమానపడ్డాను. అయితే మావోడు బతికే ఉన్నాడు. గోడ మీద ఎట్టించమని ఈలంతా పోరతన్నారు. నానెట్టించను."

చెబితే అతన్ని నా నోటితో చంపినట్టు. చెప్పకపోతే ఆమె ఎదురుచూస్తూనే ఉంటుంది. బొమ్మ చుట్టుకుని, నిజం చెప్పకుండానే దిగి వచ్చేశాను.

మొన్న వేసవిలో మళ్లీ వెళ్లాను. గోడ మీద ఇంకా మామగారి బొమ్మే ఉంది. లక్కాయి జుట్టు నెరిసింది. సోంబ్రు కోసమని తీసి ఉంచిన అంబలి మూలన చల్లారుతోంది.

ఆమె ముందు నేల మీద కూర్చున్నాను.

"లక్కాయమ్మా, నేను తుడవలేదు. తుడిచానని అబద్ధమాడాను. అతనెలా చెరిగిపోయాడో నాకు ఇప్పటికీ తెలియదు. నన్ను క్షమించు."