గాలి తీసిన చేతులు

కామారెడ్డి బస్టాండు పక్కన సైకిల్ షాపు నడిపే ఘనీకి ఒక అలవాటుంది. పంక్చర్ వేసినా, చైన్ బిగించినా, చివర్లో గాలి కొట్టి, టైరును బొటనవేలితో నొక్కి చూసుకుంటే గాని బండి ఇవ్వడు. ఆ గాలికి పైసలు తీసుకోడు. ఒకరోజు సైకిళ్ల మీద దేశాలు తిరిగే తెల్లవాళ్ల జంట వచ్చింది. బొంబాయిలో విమానం ఎక్కాలని సైకిళ్లు విప్పించి, అట్టపెట్టెల్లో కట్టమన్నారు. విప్పిన చక్రాలకు ఘనీ అలవాటుగా గాలి కొట్టబోతే ఆమె కంగారుగా చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇమానంల టైర్లు పలుగుతయట, ఘనీ భాయ్. ఉన్న గాలి గూడ తీసెయ్యమంటున్నది" అన్నాడు, ఇంగ్లీషు వచ్చిన బుకింగ్ క్లర్కు లస్మయ్య.

"గాలి తీసుడు పోలీసోళ్ల పని లస్మయ్యా. రాత్రిపూట సైకిలుకు లైటు లేదని తీస్తరు. నా చేతులతోని నేనెట్ల తియ్యాలె?"

అయినా తీశాడు. నాలుగు చక్రాలూ బుస్సుమంటూ మెత్తబడుతుంటే ముఖం అటు తిప్పుకున్నాడు. పెట్టెలు బస్సు పైకెక్కాయి. బస్సు కదలగానే "దిగంగనే గాలి కొట్టుకోండ్రి!" అని అరిచాడు. తన మాట వాళ్లకు తెలియదని గుర్తొచ్చి, రెండు పిడికిళ్లు బిగించి పైకీ కిందికీ పంపు కొట్టి చూపించాడు. అది ఈ ఊరి సలాం అనుకుందో ఏమో, కిటికీలోంచి ఆమె నవ్వుతూ, కనుమరుగయ్యేదాకా తన పిడికిళ్లూ అలాగే ఆడించింది.