పిండి పిసికే చేతులు

నా చిన్నప్పుడు ఒక ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు, గోదావరిఖనిలో మా క్వార్టర్ల వెనకున్న హాలు కిటికీలకు దుప్పట్లు కట్టారు. పగలు సినిమా వేసినప్పుడల్లా అలాగే కట్టేవారు. మా కాక, నాన్న తమ్ముడు, బొగ్గుబాయి ఆఫీసులో గుమాస్తా. సినిమాలంటే ప్రాణం. ఎక్కడెక్కడి సినిమాలో హైదరాబాదు నుంచి రైల్లో తెప్పించేవాడు. ఆ రోజుది స్వీడన్ దేశపు పాత మూగ సినిమా. మధ్యమధ్య తెర మీద ఇంగ్లీషు అక్షరాలు వస్తే, ఆయన పక్కన నిలబడి తెలుగులో చెప్పేవాడు.

“ఏందన్నా, వీళ్లకు జీతాలు ఇయ్యలేదా? ఒక్కడు మాట్లాడ్తలేడు,” అని వెనక నుంచి ఎవరో అంటే అందరూ నవ్వారు. పక్కింటి అక్క నవ్వలేదు.

ఆమె భర్త పనిచేసేచోట బాయిలో మంటలు లేచి కొద్ది రోజులే అయింది. మంటకు గాలి అందకుండా అక్కడికి పోయే దారికి అడ్డంగా ఇటుక గోడ కట్టేశారు. అతను అవతలే ఉండిపోయాడు. శవం దొరకలేదు కాబట్టి ఆమె గాజులు తీయలేదు. గోడ తీస్తారు, బతికే వస్తాడు అని వాడకట్టంతా చెబుతోంది. ఇంట్లో ఒక్కతే ఉండకూడదని మా అమ్మ ఆమెను బలవంతాన హాలుకు తీసుకొచ్చింది.

సినిమాలో ఒకతను గడ్డకట్టిన సరస్సు దాటి వెళ్లి తిరిగి రాడు. వెతకబోయినవాళ్లు వచ్చి గడపలో నిలబడతారు. లోపల అతని భార్య రొట్టెకు పిండి పిసుకుతోంది. సినిమా తీసినవాడు ఆమె ముఖం చూపించలేదు. వీపు, మోచేతులు, అంతే. ఆ చేతులు ఆగాయి. చాలాసేపటికి మళ్లీ పిసకసాగాయి, ముందుకంటే నెమ్మదిగా.

కాక ఒకసారి అక్క వైపు చూసి, “మంచు కరిగినంక వస్తడని చెప్తున్నరు,” అన్నాడు.

“అక్షరాలే రాలేదు గదన్నా,” అంది అక్క. “దేన్ని చూసి చదివినవ్?”

ఆమెకు చదువు రాదు. తెర వైపు చెయ్యి చూపింది.

“ఆమెకు ఎరుకైంది. చేతులు చూస్తలేవా?” కాక వైపు తిరిగి అడిగింది. “నువ్వు ఆఫీసుల ఉంటవ్. గోడ తీస్తరా?”

“తియ్యరు చెల్లె.”

ఎవరో సినిమా మిషను ఆపబోతే ఆమె వద్దంది. మిగతాదంతా చూసింది. కాక వచ్చి మా పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆ తర్వాత అక్షరాలు వచ్చినా చదవలేదు. చదవాల్సిన అవసరం మాకూ కనబడలేదు. ఆ మంచులో మనుషులు ఎంత చిన్నగా ఉన్నారో, తలుపు తెరిచినప్పుడు నేల మీద పడే వెలుతురు ఎంత తెల్లగా ఉందో ఇప్పటికీ గుర్తుంది. అంత తక్కువ చూపించి అంత చెప్పిన సినిమా నేను మళ్లీ చూడలేదు. తీసినవాడు చూసేవాళ్లను నమ్మాడు. మా కాక జాలిపడ్డాడు. ఆ తేడా తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

గోడ తీయలేదు. అక్క మందమర్రిలో పుట్టింటికి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

పోయినేడు మా ఆయన దవాఖానలో ఉన్నప్పుడు డాక్టరు మా అబ్బాయిని వరండాలోకి పిలిచి మాట్లాడాడు. వాడు లోపలికొచ్చి, “తగ్గుతదట అమ్మా,” అన్నాడు. అంటూనే, అప్పుడే తెచ్చిన మందులను విప్పకుండా మళ్లీ సంచిలో సర్దుతున్నాడు. నిజం చెప్పమన్నాను. చెప్పాడు. ఆయనకు మిగిలిన ఆ కొద్దిసేపు ఇద్దరం పక్కన ఊరికే కూర్చున్నాం.

మా ఇంట్లో అలాంటి కబురును ఇప్పుడు ఎవరూ మార్చి చెప్పరు.