అత్త తెచ్చిన రిజిస్ట్రీ సంచి

మా ఇంటి కంప్యూటరును పాడుచేసింది నేనే. ఈ మాట ఇక్కడ ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ రోజు చెప్పలేదు.

అది మా అత్త వాడే కంప్యూటరు. అత్త మా నాన్నకు అక్క. తమిళ బడిలో టీచరుగా పనిచేసి, ఇప్పుడు తమిళనాట అన్నూరు దగ్గర మా ఇంట్లోనే ఉంటోంది. ఎన్ని తరాలనుంచో ఇంట్లో మాది తెలుగే, బళ్లో మాత్రం తమిళం. అందుకని అత్తకు తెలుగు అక్షరాలు రావు. నాకూ నలభై దాటాకే వచ్చాయి, అదీ ఆమె పోరు పడలేక. నన్ను పోరుతూనే తన పని తాను మొదలుపెట్టింది. మా పెద్దవాళ్లు వాడిన తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లో టైపు చేసుకుంటూ వచ్చింది, రెండు వేళ్లతో, ఏడేళ్లపాటు. ప్రతి మాట పక్కన అర్థం, దాని పక్కన ఎవరు చెప్పారో ఆ సంగతి. "అమ్మ చెప్పింది." "పొల్లాచ్చి చిన్నమ్మ చెప్పింది." అలా చెప్పినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. ఫైలుకు "మా ఇండ్ల మాటలు" అని పేరు పెట్టుకుంది. దానికి ఒక నకలు తీసిపెట్టరా అని నన్ను ఎన్నిసార్లు అడిగిందో! రేపు, రేపు అంటూ వచ్చాను.

కంప్యూటరు చూస్తే మహా నత్తనడక. ఆన్ చేసి, కాఫీ కాచుకుని, తాగి, గ్లాసు కడిగి వచ్చినా తెర మీద చక్రం ఇంకా తిరుగుతూనే ఉండేది. ఓపిక నాకు పుట్టుకతోనే లేదు. ఒక సాయంత్రం ఒళ్లు మండి, కంప్యూటరు తన అమరికలన్నీ రాసిపెట్టుకునే రిజిస్ట్రీని శుభ్రం చేస్తే అది పరుగెడుతుందని ఎక్కడో చదివి, ఉచితంగా దొరికే ప్రోగ్రాము ఒకటి దించుకున్నాను. వేలకొద్దీ తప్పులున్నాయని అది ఎర్ర అక్షరాల్లో నన్ను బెదరగొట్టింది. అన్నీ తీసేయనా అని అడిగింది. తీసిపారెయ్ అని నొక్కాను. ఒక్కటంటే ఒక్కటి చదివితే ఒట్టు.

మళ్లీ ఆన్ చేస్తే నడక అదే నడక. అత్త ఫైలు తెరిచాను. తమిళ అక్షరాలు పోయి ఇంగ్లీషు అక్షరాలూ, చుక్కలూ, గీతలూ, డాలరు గుర్తులూ కలగాపులగంగా కనిపించాయి. ఏ పేజీ చూసినా అంతే.

"ఏమాయెరా?" అంది అత్త, వెనకనుంచి.

"రిజిస్ట్రీ చెడిపోయిందత్తా" అన్నాను. చెడగొట్టానని అనలేదు.

ఆమె తన గదిలోకి పోయింది. బీరువా తలుపు కిర్రుమన్న చప్పుడు వినిపించింది కానీ ఎందుకో నేను పట్టించుకోలేదు.

మరునాడు ఉదయం కంప్యూటరు డబ్బా ఎత్తుకుని టౌనులో గాంధీపురం అంగళ్లకు బయల్దేరబోతే, అత్త నాకంటే ముందే చెప్పులు వేసుకుని గుమ్మంలో ఉంది. చంకలో గుడ్డసంచి.

"నువ్వెందుకత్తా, ఎండలో?"

"నా మాటలు ఆ డబ్బాలో ఉండాయి. నేను రాకుండా ఎట్లరా?"

బస్సులో డబ్బా నా ఒళ్లో, సంచి ఆమె ఒళ్లో.

మొదటి అంగట్లో మనిషి కుర్చీలోంచి లేవలేదు. "ఫార్మాట్ చేసేద్దాం సార్, కొత్తదానిలా అయిపోతుంది" అన్నాడు తమిళంలో. ఫార్మాట్ అంటే అంతా తుడిచేయడమని అత్తకు చెప్పాను. ఆమె డబ్బా మీద చెయ్యి వేసి, "లేరా, పోదాం" అంది.

అదే సందులో, మేడ మీద ఇంకో అంగడి ఉంది. చిన్న గదిలో నలభై ఏళ్ల ఆడమనిషి ఒక్కతే పనిచేసుకుంటోంది, కొప్పులో పెన్సిలు గుచ్చుకుని. రిజిస్ట్రీ చెడిపోయిందని తమిళంలో చెప్పానో లేదో, అత్త తన సంచిని బల్ల మీద బోర్లించింది. ముత్తాత నాటి స్టాంపు కాగితాలు, కొన్న పత్రాలు, భాగాల పత్రాలు, అన్నీ బల్ల నిండా పరుచుకున్నాయి.

"ఏ పత్రం చెడిపోయిందిరా? అన్నీ తెచ్చినా. ఆమెకు చూపించు" అంది నాతో, తెలుగులో.

మాకు రిజిస్ట్రీ అంటే భూమి రాయించుకోవడమే మరి! నాకు సిగ్గుతో తల తీసేసినట్టయింది. "అయ్యో అత్తా, ఈ రిజిస్ట్రీ కాదు! ఎన్నిసార్లు..." అని గొంతు లేపాను.

"ఉండన్నా, అరవద్దు" అంది అంగడి ఆమె. తెలుగులో! "అమ్మ అనింది సరిగానే ఉండాది."

ఆమె ఒక పత్రం జాగ్రత్తగా చేతిలోకి తీసుకుంది. "అమ్మా, ఈ కాగితం పోతే మీ భూమి పోతాదా?"

"యాడికి పోతాది? ఆడనే ఉంటాది. ఎవరిదో తెలీకుండా పోతాది, అంతే."

"దీంట్లోనూ అంతేమ్మా. మీ మాటలు లోపల ఆడనే ఉండాయి. అవి ఏ అక్షరాలవో చెప్పే పత్రం ఒకటి పోయింది. దాన్ని వెతికి పెడతాము."

అత్త కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ వివరం అంత తేలిగ్గా చెప్పడం నాకు చేతనయ్యేది కాదు.

"నువ్వూ తెలుగేనా కన్ను?" అంది అత్త, బళ్లో పిల్లల్ని తమిళంలో ముద్దుగా పిలిచినట్టు.

"ఇంట్లో తెలుగేమ్మా. మా పేటంతా తెలుగే. అమ్మది వీధులూడ్చే పని."

తర్వాత ఆమె పని చూడాలి! ఒక్క మీట నొక్కే ముందు నోటుపుస్తకంలో రాసుకుంది. చెడిపోయిన రిజిస్ట్రీని ఉన్నదున్నట్టు ముందు ఒక నకలు తీసింది. చెడిపోయినదానికి నకలెందుకని అడిగాను.

"నేనూ తప్పు చేయొచ్చు కదన్నా. చేస్తే కనీసం ఈడికైనా తిరిగి రావాల."

అత్త ఫైలుకు మూడు నకళ్లు తీసి, ఒకటి చిన్న పెన్‌డ్రైవులో వేసి అత్త చేతికే ఇచ్చింది. ఆ తర్వాతే లోపలికి దిగింది. ఒక్కో వరుసా చదువుతుంది, ఆగుతుంది, రాసుకుంటుంది. నేను వేలకొద్దీ ఒక్క దెబ్బతో తీసేసినవాటిని ఆమె ఒకటొకటిగా పలకరించింది. నాకు ఆమె మీద ఎంత గౌరవం కలిగిందో, నా మీద అంత కోపం వచ్చింది.

"ఆ ప్రోగ్రాము తీసేసినవాటిని ఒక మూల దాచింది, మంచిదాయె. ఎవరు నొక్కినారు దీన్ని?"

"నేనే" అన్నాను. అత్త వైపు చూడలేకపోయాను.

"నాకు నిన్ననే తెలుసులేరా" అంది అత్త. "నీ మొహం నాకు తెలీదా?"

చివరికి పాత తమిళ అక్షరాల సంగతి చెప్పే వరుస దొరికింది. దాన్ని మాత్రమే తిరిగి పెట్టి, కంప్యూటరును ఆపి ఆన్ చేసింది. ఫైలు తెరిచింది. తమిళ అక్షరాలు! అత్త మొదటి పేజీ పైకి చదివింది, రెండోదీ చదివింది. మూడో పేజీకి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

పేజీలు దించుకుంటూ పోతుంటే ఒకచోట అర్థం ఉంది, మాట లేదు.

"ఇదేందమ్మా, పోయిందా?" అని అంగడి ఆమె కంగారుపడింది.

"పోలేదు కన్ను, నేనే మరిచిపోతిని. తెల్లారకముందు, మనిషి కనబడీ కనబడని పొద్దుకు మా అమ్మ ఒక మాట చెప్పేది. ఎంత తలుచుకున్నా నోటికి తమిళమే వస్తాంది."

"నసుకు" అంది ఆమె, డబ్బాకు వదులైన మర బిగిస్తూనే. "మా అమ్మ దినమూ నసుకులోనే పోతాది పనికి."

"నసుకు!" అత్త బల్ల చరిచింది. "నసుకే! మా అమ్మ నసుకునే లేచేది!"

కీబోర్డు ముందుకు జరిగి రెండు వేళ్లతో కొట్టింది. ఎవరు చెప్పారో రాసే మూడో గడి దగ్గర ఆగింది. "మీ అమ్మ చెప్పిందని రాస్తాను. సరేనా?"

ఆమె చేతిలో మర ఆగింది. "రాయండమ్మా" అంది. మర బిగించాక, "అమ్మకు చూపించాల" అంది.

అత్త రాసింది. తర్వాత పేజీలన్నీ వెనక్కి తిప్పి మొదటికి వచ్చింది. ఆ ఏడేళ్ల పనిలో మా బంధువుల మాటలే తప్ప వాళ్ల పేట మాట ఒక్కటీ లేదని నాకు అప్పుడే తట్టింది. అత్తకూ తట్టినట్టుంది. పైన పేరులో "మా" చెరిపి "మన" అని కొట్టింది.

"ఆదివారం మీ అమ్మ ఇంట్లో ఉంటాదా?" అని అడిగింది.

తిరుగు బస్సులో డబ్బాను నాకు ఇవ్వలేదు. తన ఒళ్లోనే పెట్టుకుంది. పత్రాల సంచి నా మీదకు తోసి, "అది నువ్వు పట్టుకోరా" అంది.