పిడుదులు తీసే అత్త

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను ఆలూరు పక్క పల్లెకు కోడలిగా వచ్చాను. ఎరువు కోసం చేలల్లో గొర్రెల మందను నిలిపి, అక్కడే పడుకుని తెల్లారి ఇంటికొచ్చే మగవాళ్లను మా అత్త గడప దగ్గరే ఆపేది. "తల వంచప్పా" అంటూ చెవుల వెనక, మెడ మీద పొడుగాటి వేళ్లతో వెతికేది. గొర్రెల నుంచి పాకి నెత్తురు తాగే పిడుదు దొరికితే, వేళ్లు చర్మానికి ఆనించి దాన్ని పట్టుకుని, మెల్లగా లాగి నిప్పుల్లో వేసేది.

ఒకనాడు మా ఆయన మెడ మీద పిడుదును నేనే తీశాను. పేనును కుక్కినట్టు గోళ్ల మధ్య పెట్టి కుక్కాను. అత్త నా చెయ్యి గుంజి చూసింది. బొటనవేలి మీద కొడవలి గాటు ఇంకా పచ్చిగానే ఉంది.

"పేనూ పిడుదూ ఒకటేనా? దాని నెత్తురు పుండులోకి పోతే జ్వరం వస్తాది. నేను చూస్తాండా కదా, బయపడాకు" అంటూ సబ్బుతో రుద్ది కడిగింది.

ఆమె ఎవరినీ దగ్గరికి తీసే మనిషి కాదు. అయినా ఆనాటి నుంచి రోజూ పొద్దున్నే నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది. జ్వరం రాలేదు. పదిహేనో నాడు, "ఇంక రాదులే, పని చూసుకో పో" అని తేల్చేసింది.

పదహారో పొద్దున కూడా నేను పోయి ఆమె ముందు తల వంచుకుని నిలబడ్డాను.

"ఇంకేముండాదే?" అని కసురుతూనే చెయ్యి పెట్టింది.