గేటు బయట మేనమామ

మా చెన్నూరు దొరల వంశాన్ని కాలం సగమే కూల్చింది. మిగతా సగాన్ని మంచిర్యాలలో ఒక ఫంక్షన్ హాలు గేటు ముందు నేనే స్వయంగా కూల్చాను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి.

మాకు భూములు పోయాయి. మీసాలకు సంపెంగ నూనె పోయి కొబ్బరినూనె వచ్చింది. మీసం మాత్రం దిగలేదు. కరోనా రోజుల్లో టీకా వేయించుకుందామనే అనుకున్నాను. ఇంతలో అక్క కూతురు శ్రావణికి పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు తల్లి ఆ జబ్బుతో చావు తప్పి బయటపడ్డ మనిషి. అందుకని టీకా సర్టిఫికెట్ లేనివాళ్లను లోపలికి రానిచ్చేది లేదని వియ్యాలవారు కబురు పెట్టారు. అంతవరకు సూదంటే పారిపోయిన చుట్టాలు కూడా పెళ్లిభోజనం పోతుందని పరుగెత్తి వేయించుకున్నారు. నేను మానేశాను. అడగకుంటే వేయించుకునేవాణ్ణే. అడిగారు కాబట్టి వద్దనుకున్నాను. గేటు మీద కోపం భుజం మీద చూపడమంటే ఇదే.

అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, జర సూది వేయించుకోరాదు. బిడ్డను గంపల కూసోబెట్టి పందిట్లకు తెచ్చేది మేనమామవు నువ్వే గదా."

"గంప లేపే భుజానికే సూది పొడిపించుకోవాల్నా అక్కా?"

పెళ్లినాడు పట్టుపంచె కట్టి వెళ్లాను. గేటు దగ్గర కాపలా ఉన్నది లింగయ్య, ఒకప్పుడు మా ట్రాక్టరు నడిపినవాడు.

"సర్టిఫికెట్ చూపుండ్రి దొరా."

"నన్నే అడుగుతున్నవా లింగయ్యా?"

"ఎవలొచ్చినా అడుగుమన్నరు. మీ తాత వచ్చినా అడుగుత."

"మా తాత పోయి ఎన్నేండ్లయింది?"

"గందుకే ఆయనకు ఫికర్ లేదు దొరా. మీకే ఉన్నది."

వియ్యంకుడే దిగివచ్చి బతిమాలుతాడని స్తంభంలా నిలబడ్డాను. ఎవరూ రాలేదు. ముహూర్తం దగ్గరపడింది. లోపల బ్యాండు మొదలైంది. అక్క కళ్లు తుడుచుకుంటూ గేటు దాకా వచ్చింది, నావైపు చూడలేదు.

"లింగన్నా, చిన్నప్పటిసంది బిడ్డ నిన్ను గూడ మామా అనే పిలిచింది. నువ్వొచ్చి గంప లేపు."

లింగయ్య తన కర్ర నా చేతిలో పెట్టాడు. "దొరా, జర గేటు చూడుండ్రి."

ఊచల సందులోంచి చూశాను. గంపలో కూర్చున్న శ్రావణి తల తిప్పి గేటు వైపే చూసింది. చెయ్యి ఊపబోయాను. చేతిలో కర్ర ఉంది.

ఆలస్యంగా వచ్చిన పెద్దమనిషి ఒకాయన నాకు సర్టిఫికెట్ చూపించి, "మంచిగ చూస్తున్నవు. ఇప్పటిదాక ఎంతమందిని ఆపినవు?" అని అడిగాడు.

"ఒక్కణ్ణే," అన్నాను.

తర్వాత టీకా వేయించుకున్నాను. సర్టిఫికెట్‌కు లామినేషన్ కూడా చేయించాను. దాన్ని ఇంతవరకు ఏ గేటు దగ్గరా ఎవరూ అడగలేదు. అయినా వంశం మీద ఒట్టు: ఇకమీదట ఎవరడిగినా ముందు భుజం చాపుతాను, తర్వాతే మీసం తిప్పుతాను.

కాకపోతే, నాకు ఇంకో మేనకోడలు లేదు.