బింగ్ అన్న బతికే సినిమా

ముప్పై ఎనిమిదేళ్ళలో సీటో బింగ్ రెండు వందల పద్నాలుగు సార్లు చచ్చాడు. లెక్క వాళ్ళమ్మది. హాంకాంగ్‌లో గ్యాంగుల సినిమా ఏది తీసినా కత్తిపోటుకో, తుపాకి దెబ్బకో మొదట్లోనే కూలిపోయే నలుగురైదుగురిలో బింగ్ అన్న ఉండాల్సిందే. పేరు ఎవరికీ తెలియదు. పడే తీరు మాత్రం అందరికీ తెలుసు.

నేను ఆ సెట్ల మీద టీ ఇచ్చేదాన్ని. ఫూన్ అక్క అంటారు, నాకంటే పెద్దవాళ్ళు కూడా. టీ అంటే ఒక్క టీయేనా? తలనొప్పి మందు నేనే, ఊడిన గుండీకి సూదీ దారం నేనే, చివరికి చావు కవర్లు పంచేదీ నేనే. తెరమీద చచ్చిన ప్రతివాడికీ షాటు అవగానే ఓ ఎర్ర కవరు చేతిలో పెట్టాలి. లోపల చిన్న నోటే. ఆ చావు అక్కడితో తెగిపోవాలి, ఇంటిదాకా వెంట రాకూడదు, అందుకు. ఆ నోటు ఆ పొద్దే ఖర్చయిపోవాలి కూడా. మేనేజరు కట్టలు కట్టి నాకిచ్చేసి చేతులు దులుపుకుంటాడు. ఇరవై రెండేళ్ళుగా నా ఏప్రన్ జేబులో బిస్కెట్ల పక్కన అవి ఉంటూనే ఉన్నాయి.

బింగ్ అన్న తన కవరుతో ప్రతిసారీ కోడిగుడ్డు టార్టులు, అదే, గుడ్డు మీగడ నింపి కాల్చిన చిన్న తీపి రొట్టెలు, కొని షామ్ షుయి పోలో వృద్ధాశ్రమానికి పట్టుకెళ్ళేవాడు. తొంభై రెండేళ్ళ తల్లి అక్కడ ఐదో అంతస్తులో ఉంటుంది. నా గదీ ఆ వీధిలోనే, అందుకని అప్పుడప్పుడూ నేనూ వెళ్ళేదాన్ని. మధ్యాహ్నం పూట హాల్లో టీవీలో పాత గ్యాంగు సినిమా పడుతుంది. వయసులో ప్లాస్టిక్ పూల ఫ్యాక్టరీలో రోజుకు పన్నెండు గంటలు వంగి కూర్చున్న మనిషి, ఇప్పుడు ఆ సినిమాల ముందు మాత్రం నిటారుగా కూర్చుంటుంది.

"అవ్వా, ఈ నరుక్కోవడాలు నీకెందుకే?" అని ఓసారి అడిగాను.

"నరుక్కునేది ఎవడు చూస్తాడే? అన్నయ్య అని ఒకసారి పిలిచాక ఆ మాట కోసం ప్రాణం ఇచ్చేస్తాడు చూడు, అదీ సరదా. బయట నాకలాంటివాడు ఒక్కడు తగల్లేదు. మా ఫ్యాక్టరీ యజమాని నలభయ్యేళ్ళు చెల్లెమ్మా అని పిలిచి, మూసేసినరోజు వెనక గుమ్మం గుండా పారిపోయాడు."

బింగ్ అన్నకి నచ్చేది వేరు. చంపుకునే ముందు అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తినే సీను. "ఎవడు పోతాడో చూసేవాడికి తెలుసు, తినేవాడికీ కాస్త తెలుసు. అయినా పక్కవాడి గిన్నెలో చేపముక్క వేస్తాడు. ఆ ముక్క చూడ్డానికే నేను సినిమాకి వెళ్తానక్కా" అనేవాడు. నా సంగతంటారా? హీరో తెల్లకోటులో నెమ్మదిగా నడిచొస్తుంటే, చచ్చీ చెడీ నిలబడ్డ నా కాళ్ళనొప్పి ఆ నిమిషం గుర్తుండదు. తర్వాత ఆ కోటుకంటిన రంగు నెత్తురు ఉతికేదీ నేనేననుకోండి.

క్రితం ఏడాది ఆరంభంలో ఓ రోజు అవ్వ టార్టు తింటూ తింటూ ఆపేసింది. "ఒరేయ్ బింగూ, నువ్వు పడ్డప్పుడల్లా నాకిక్కడ కలుక్కుమంటుందిరా. ఒక్క సినిమాలో బతికి బయటికి రారా. అది చూసి పోతాను."

"నాకెవరిస్తారమ్మా బతికే వేషం!" అని నవ్వేశాడు. కిందికి దిగేటప్పుడు మాత్రం మెట్టుమెట్టుకీ ఆగాడు. అరవై ఆరేళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయినాయి. సినిమాలు తీసేవాళ్ళే కరువైపోయారు. ఇంకెన్ని మిగిలాయో మా ఇద్దరికీ తెలుసు.

నాలుగు నెలలకి డెస్మండ్ అనే కుర్ర డైరెక్టరు పిలిచి, ముసలి గ్యాంగుపెద్ద వేషం ఇచ్చాడు. తగువాడుకుంటున్న ఇద్దరు తమ్ముళ్ళకి టీ పోసి రాజీ చెయ్యాలి, ఆపైన లేచి, కోటు గుండీ పెట్టుకుని, గుమ్మం దాటి వెళ్ళిపోవాలి. అంతే. బతికి వెళ్ళిపోవాలి! ఆ వార్త చెప్పడానికి బింగ్ అన్న బస్సు కోసం ఆగకుండా నా గదిదాకా నడిచొచ్చాడు. నాకు ఏడుపొచ్చింది. మర్నాడు తల్లి ఆశ్రమంలో ప్రతి మంచం దగ్గరికీ చక్రాల కుర్చీ తోయించుకుని మరీ చెప్పుకుందట.

షూటింగు యావ్ మా తేలో, పాత టీ హోటలు మేడమీద. ఆ ఉదయం అదే చోట పదకొండుమందిని చంపారు. పదకొండు కవర్లు పంచాను. నిలబడి నిలబడి పాదాలు వాచిపోయాయి. మధ్యాహ్నం బింగ్ అన్న షాటు. నేను గుమ్మం అవతల ట్రే పట్టుకుని నిలుచున్నాను. లోపల టీ పోశాడు, లేచాడు, గుండీ పెట్టుకున్నాడు, నడిచి నా ముందుకొచ్చాడు. డైరెక్టరు 'ఓకే' అన్నాడు, చప్పట్లు మోగాయి.

నా చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది. కవరు తీసి ఇచ్చాను. ముప్పై ఎనిమిదేళ్ళ అలవాటున ఆయన వంగి, రెండు చేతులా అందుకుని, కోటులో పెట్టేసుకున్నాడు.

ఇద్దరం ఒక్కసారే చూసుకున్నాం.

"అయ్యో, నా చేతులు పడిపోను! బతికినవాడికి చావు కవరు ఇచ్చేశానే! ఇటిచ్చెయ్ అన్నా!"

"తీసుకున్నది ఎలా ఇస్తాం అక్కా? తిరిగిస్తే ఆ చావు నీ నెత్తికి చుట్టుకుంటుంది."

"చుట్టుకోనీ. ఇంత బతుకు బతికి నేనేం ఉద్ధరించాలి?"

"నీ మీద పెట్టను. చావకుండా ఈ కవరు ఉంచుకున్నానా, నా చావు నావాళ్ళకి పోతుంది. నాకున్నది అమ్మ కాక ఎవరు?"

మోకాళ్ళమీద చేతులు వేసుకుని మెట్టుమీద కాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి, డైరెక్టరు దగ్గరికి వెళ్ళి, నన్ను చంపెయ్ బాబూ అన్నాడు. ఆ కుర్రాడు ముందు నవ్వాడు. లైట్లాయన నవ్వలేదు, మేకప్పావిడ నవ్వలేదు. షూటింగు మొదలైనరోజు కాల్చిన పందిని దేవుడి ముందు పెట్టి మూడుసార్లు దణ్ణం పెట్టినవాడు ఈ డెస్మండే, ఇలాంటివి నమ్మనంటాడా?

"సరే పెద్దాయనా, ఒక షాటు తీసేసి పక్కన పడేస్తాను. సినిమాలో మీరు బతికే ఉంటారు. మీ అమ్మగారి సంగతి ఫూన్ అక్క చెప్పింది."

"జనం చూడకపోతే అది చావెలా అవుతుంది బాబూ? సినిమాలో ఉండాలి. మాటివ్వు."

ఇచ్చాడు. మెట్లమీద తీశారు. ఎప్పుడూ చిటికెలో కూలిపోయే మనిషి ఆ రోజు గుండు తగిలాక కూడా నిలబడ్డాడు. ఊడిన గుండీ మళ్ళీ పెట్టుకుని, రెయిలింగు పట్టుకుని, మెల్లగా కూర్చుని, పక్కకి ఒరిగాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేను రంగు తుడుస్తుంటే, మోకాలు చూడు అక్కా, వాచిందా అని అడిగాడు.

ఎనిమిది నెలలకి సినిమా విడుదలైంది. అమ్మకి ముందే చెప్పెయ్యి అని అన్నని పోరాను. చెప్తే ఎందుకని అడుగుతుంది, దడుచుకుంటుంది అన్నాడు. మాంగ్ కాక్‌లో మధ్యాహ్నం ఆటకి తీసుకెళ్ళాం. చక్రాల కుర్చీ నేను తోశాను. అవ్వ ఒళ్ళో టార్టుల పెట్టె, నా సంచిలో టీ ఫ్లాస్కు. హాల్లో మాతో కలిపి తొమ్మిదిమంది.

గ్యాంగుపెద్ద లేచినప్పుడు అవ్వ కొడుకు మణికట్టు పట్టుకుంది. "గుండీ పెట్టుకుంటున్నాడు... గుమ్మం దాటాడు! బతికాడే నా కొడుకు!" అని పైకే అనేసింది. ముందు వరుసలో ఎవరో వెనక్కి తిరిగి చూశారు.

తర్వాత మెట్లు వచ్చాయి.

ఆవిడ చెయ్యి తీసేసుకుంది. టార్టుల పెట్టె నా ఒళ్ళోకి తోసేసింది. లైట్లు వెలిగాక, "రెండు వందల పదిహేను" అంది. కొడుకు మొహం కేసి చూడలేదు. "నాకోసం ఒక్కసారి బతకలేకపోయావురా?"

"డైరెక్టరు చంపాలన్నాడమ్మా. నేనేం చేస్తాను?"

నేను నోరు తెరిచాను. బింగ్ అన్న అప్పటికే నా వైపు చూస్తున్నాడు. "అక్కా, అమ్మకి టీ పొయ్యి" అన్నాడు.

పోశాను. నా చూపు బింగ్ అన్న మీదే ఉండిపోయి సగం ఆవిడ ఒడిలో కప్పిన దుప్పటిమీద పడింది. "ఇన్నేళ్ళు టీ పోసి బతికావు, కప్పులో పొయ్యడం రాదుటే నీకు?" అని కసిరింది అవ్వ. కొడుకుమీద కోపమంతా నామీద తీర్చుకుని, ఆశ్రమం చేరేదాకా తిడుతూనే ఉంది. తిట్టనిచ్చాను.